కాంకున్ నుంచి ఒక్క రోజులో చిచెన్ ఇట్సా, సెనోటే: ఏ టూర్, ఏ వరస?

దూరబంధువు:
డిసెంబరు ఆఖరి వారం. మెక్సికోలోని కాంకున్‌లో నాలుగు రాత్రులు. మొత్తం ఆరుగురం: మావయ్యగారు (68, మోకాళ్ల నొప్పులు), అత్తయ్యగారు, మేమిద్దరం, పిల్లలు 12, 7. ఈత వచ్చింది ఒక్కరికే. ముగ్గురు శాకాహారులు. ఆన్‌లైన్‌లో చూస్తే చిచెన్ ఇట్సా మాయా శిథిలాలు, ఒక సెనోటే (సున్నపురాయి కూలి ఏర్పడ్డ నీటి గుంట), వయదోలిద్ ఊరు, బఫే భోజనం అన్నీ కలిపి ఒక్క రోజు టూర్ అని పాతిక రకాలు కనిపిస్తున్నాయి. ధరల్లో మూడింతల తేడా ఉంది. తేడా దేనికి? పొద్దున్నే శిథిలాలు చూసి తర్వాత నీళ్లలోకి దిగాలా, లేక ముందు నీళ్లు, తర్వాత శిథిలాలా? ఈత రానివాళ్లని సెనోటేలోకి దింపొచ్చా?

కొలతబద్ద:
ముందు గడియారం సంగతి. కాంకున్, తులుమ్ ఉన్నది కింతానా రో రాష్ట్రంలో. చిచెన్ ఇట్సా ఉన్నది యుకతాన్ రాష్ట్రంలో. యుకతాన్ ఏడాది పొడవునా కాంకున్ కన్నా గంట వెనక. మెక్సికోలో చాలాచోట్ల 2022లో వేసవి గంట మార్పు ఎత్తేశారు కాబట్టి ఇప్పుడు ఈ తేడా మారదు. పోయేటప్పుడు గంట కలిసొస్తుంది, వచ్చేటప్పుడు అదే గంట పోతుంది.

లెక్క వేసుకోండి. కాంకున్ నుంచి చిచెన్ ఇట్సా సుమారు 200 కిలోమీటర్లు, టోల్ రోడ్డు మీద రెండున్నర గంటలు. గేటు తెరిచేది అక్కడి టైము 8కి. కాంకున్‌లో 6:30కి బండి కదిలితే సరిగ్గా 8కి గేటు దగ్గరుంటారు. బస్సు టూర్ కూడా "ఆరున్నరకి పికప్" అనే రాస్తుంది. కానీ ఆ తర్వాత గంటా గంటన్నర హోటళ్ల చుట్టూ తిరిగి జనాన్ని ఎక్కించుకుంటుంది. అసలు ప్రయాణం మొదలయ్యేది 8కి, అంటే యుకతాన్ టైము 7కి. దారిలో చేతివస్తువుల దుకాణం, సెనోటే, భోజనం అయ్యాక శిథిలాల దగ్గర దించేసరికి మిట్టమధ్యాహ్నం 12:30. అక్కడ ఇచ్చేది రెండు గంటలు, అందులో గంట గైడ్ మాటలకి. తిరిగి హోటల్ చేరేసరికి రాత్రి 8. పదమూడున్నర గంటల్లో రాళ్ల మధ్య ఉండేది రెండు గంటలే.

ధరలో తేడా చాలావరకు ఇక్కడే పుడుతుంది. చవక టూర్‌కి దుకాణం దగ్గర ఆగడం తప్పదు, దాని మీదే అది బతుకుతుంది. ఖరీదైనది తిన్నగా 8కి గేటు దగ్గర దించుతుంది.

ఏడుమైళ్లు:
రెండో తేడా ప్రవేశ రుసుము. చిచెన్ ఇట్సాలో విదేశీయులకి రెండు టికెట్లు: ఒకటి కేంద్ర పురావస్తు సంస్థది, ఒకటి రాష్ట్రానిది. రెండూ కలిపి ఒక్కొక్కరికి 600 పెసోలకు పైమాటే, ఏటా పెరుగుతుంది. అందులో పెద్ద వాటా రాష్ట్రానిది. చవక టూర్ పేజీలో "ప్రవేశం ఉంది" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, "ప్రభుత్వ పన్ను అదనం" అని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ పన్ను అనేది నిజానికి రాష్ట్రపు టికెట్టే. బస్సెక్కాక నగదు అడుగుతారు, డాలర్లలో ఇస్తే మారకం రేటు వాళ్లు చెప్పిందే. ఆరుగురికి లెక్కేస్తే చవక కాస్తా ఎగిరిపోతుంది.

డబ్బు కట్టే ముందు ఈ ప్రశ్నలకి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. రెండు టికెట్లూ కలిపారా? సెనోటే ఏది, పేరుతో సహా? లైఫ్ జాకెట్, లాకర్ కలిపారా? భోజనంలో తాగేవాటికి విడిగా కట్టాలా? శిథిలాల దగ్గర ఉండేది ఏ టైము నుంచి ఏ టైము వరకు? చివరి ప్రశ్నకి "సుమారుగా" అని మొదలెట్టారంటే అది మధ్యాహ్నం బస్సే.

పాతరాళ్లు:
వరస విషయంలో అనుమానమే అక్కర్లేదు. శిథిలాలు ముందు, నీళ్లు తర్వాత. చిచెన్ ఇట్సాలో పిరమిడ్ చుట్టూ ఉన్నది బయలు, చెట్టు నీడ ఉండదు. తెల్లటి సున్నపురాయి నేల మీద నుంచి ఎండ మళ్లీ మొహానికే కొడుతుంది. 11 దాటాక పెద్దవాళ్లకి కష్టం. డిసెంబరు ఆఖరి వారం రద్దీ ఇంకా ఎక్కువ. ఆదివారం మెక్సికన్లకి పురావస్తు సంస్థ టికెట్ ఉండదు, ఆ రోజు మానుకోండి.

లోపలికి వెళ్లాక నేరుగా పిరమిడ్ దగ్గరికి. 8 నుంచి 8:30 లోపల ఫొటోలో మనుషులు లేకుండా దొరుకుతుంది. మీరు చూసేది ఎల్ కాస్తియో: నాలుగు వైపులా 91 చొప్పున మెట్లు, పైన గుడి అరుగు ఒకటి, మొత్తం 365. ఎక్కడం 2006 నుంచి నిషేధం, కాబట్టి మావయ్యగారి మోకాళ్లకి ఇక్కడ పనే లేదు. ఉత్తరం మెట్ల ఎదురుగా కాస్త దూరంలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట్లు కొడితే తిరిగొచ్చేది చప్పట్ల శబ్దం కాదు, పిట్ట కూతలా "చ్యూం" అని జారుతుంది. ఒక్కో మెట్టు నుంచి ప్రతిధ్వని కొంచెం కొంచెం ఆలస్యంగా రావడం వల్ల అలా వినిపిస్తుంది. పదింటికి పదిమంది గైడ్లు ఒకేసారి చప్పట్లు కొట్టిస్తుంటారు, అప్పుడు ఏదీ వినపడదు. పిల్లలకి పొద్దున్నే చూపించండి.

తర్వాత బంతాట మైదానం. 168 మీటర్ల పొడవు, గోడలు 8 మీటర్లు, రాతి కడియాలు దాదాపు 6 మీటర్ల ఎత్తున ఉంటాయి. గోడ కింద చెక్కిన బొమ్మల్లో తల తెగిన ఆటగాడు, మెడ నుంచి పాముల్లా ఎగజిమ్మే నెత్తురు ఉంటాయి. గెలిచిన జట్టు నాయకుడి తలే తీసేవారని గైడ్లు ఖాయంగా చెప్తారు. ఆ తల గెలిచినవాడిదో ఓడినవాడిదో రాయి మాత్రం చెప్పదు.

దూరబంధువు:
ధన్యవాదాలు. చిచెన్ ఇట్సా లోపలే ఒక సెనోటే ఉందని చదివాను. అందులోనే ఈదొచ్చు కదా, వేరే చోటికి ఎందుకు?

పాతరాళ్లు:
దాన్లో దిగనివ్వరు. పిరమిడ్ నుంచి ఉత్తరంగా దాదాపు 300 మీటర్ల పాత రాతి బాట చివర ఉంటుంది. 60 మీటర్ల వెడల్పు, నిటారు గోడలు, అడుగున ఆకుపచ్చ నీళ్లు. దిగడానికి మెట్లే లేవు. అది మొక్కుబడుల బావి. యుకతాన్‌లో అమెరికా కాన్సుల్‌గా ఉన్న ఎడ్వర్డ్ థాంప్సన్ 1904 నుంచి బురద తోడించి బంగారం, జేడ్, కోపాల్ ధూపం ముద్దలు, ఎముకలు బయటికి తీశాడు. చాలా భాగం హార్వర్డ్ పీబాడీ మ్యూజియంకి పోయింది, కొంత తర్వాత మెక్సికోకి తిరిగొచ్చింది. "కన్యలని తోసేసేవారు" అన్నది టూర్ కథ. దొరికిన ఎముకల్లో మగవాళ్లూ ఉన్నారు, పిల్లలూ చాలామంది ఉన్నారు. ఈ బావి దగ్గర్లోనే 1967లో బయటపడ్డ ఒక భూగర్భ గుంటలోని 64 మంది పిల్లల జన్యువులు పరీక్షిస్తే అందరూ మగపిల్లలేనని 2024లో నేచర్ పత్రికలో వచ్చింది.

బాటకి రెండు పక్కలా దుకాణాలు. జాగ్వార్ గర్జన వినిపించే మట్టి ఈలలు ఊదుతూనే ఉంటారు. ఏడేళ్ల పిల్లాడు ఉన్నాడంటే అది కొనకుండా బయటికి రాలేరు. బేరం ఆడొచ్చు.

సున్నపురాయి:
సెనోటేలు ఎందుకున్నాయో గైడ్ ఒక ముక్కలో తేల్చేస్తాడు: ఉల్క పడింది, గుంటలు పడ్డాయి అని. సగమే నిజం. 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట పడిన ఉల్క చేసిన చిక్షులూబ్ గొయ్యి సుమారు 180 కిలోమీటర్ల వెడల్పు. దాని అంచు వెంబడి సెనోటేలు వలయంగా వరసకట్టిన మాట నిజమే, కానీ అవి యుకతాన్ రాజధాని మెరిదా చుట్టుపక్కల, ఓమూన్, కుసమా వైపు. మీరు వెళ్లే వయదోలిద్, తులుమ్ సెనోటేలు ఆ వలయానికి బయట.

అక్కడ జరిగింది మన బెలుం గుహల్లో జరిగిందే. వాననీరు గాల్లోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్ పట్టుకుని కాస్త పులిసి సున్నపురాయిని కరిగిస్తుంది. కింద గుహ పెరుగుతుంది, పైకప్పు పలచబడి ఒకనాడు కూలుతుంది. కప్పు మొత్తం పోతే పెద్ద బావి, ఒక కన్నం మాత్రమే పడితే గుహ సెనోటే. నీటి అడుగున సున్నపు ఊడలు వేలాడుతున్నాయంటే, మంచు యుగంలో సముద్రమట్టం వంద మీటర్లకి పైగా దిగినప్పుడు ఆ గుహ ఎండి ఉండేదని అర్థం. ఊడలు గాల్లోనే పెరుగుతాయి.

ఉత్తర యుకతాన్‌లో నేల మీద నదులు లేవు. ఊళ్లు తాగేదీ ఈ కింది నీళ్లే. అందుకే సెనోటేలో దిగేముందు స్నానం తప్పనిసరి, సన్‌స్క్రీన్ నిషేధం. "ప్రకృతికి హాని చేయనిది" అని డబ్బా మీద రాసి ఉన్నా చాలాచోట్ల ఒప్పుకోరు. దోమల మందు, కొబ్బరినూనె కూడా అంతే. తలకి నూనె రాసుకుని దిగితే నీటి మీద రంగుల తెట్టు కళ్ల ముందే పరుచుకుంటుంది. ఉత్త నీళ్ల షవర్‌తో నూనె పోదు. ముందు రాత్రే తలస్నానం చేయండి, ఒంటికి క్రీము బదులు పొడుగు చేతుల ఈత చొక్కా, టోపీ.

లంగరు:
ఈత రానివాళ్ల విషయం కాస్త వివరంగా.

సెనోటే అంటే చెరువు కాదు. చెరువుకి గట్టుంటుంది, మోకాలు, నడుము, మెడ అని మెల్లగా లోతు పెరుగుతుంది. ఇది నూతిలాంటిది, నిచ్చెన ఆఖరి మెట్టు దాటితే కాలికి ఏమీ తగలదు. చిచెన్ ఇట్సా దగ్గర్లోని ఇక్ కిల్ సెనోటేలో లోతు 48 మీటర్ల దాకా ఉంటుందంటారు. అయినా లైఫ్ జాకెట్‌తో ఈత రానివాళ్లు రోజూ దిగుతున్నారు. ఇక్ కిల్‌లో జాకెట్ లేకుండా దిగనివ్వరు, నీటికి అడ్డంగా పట్టుకోవడానికి తాళ్లు కట్టి ఉంటాయి.

జాకెట్ వేసుకోవడంలోనే తప్పు జరుగుతుంది. బకిల్స్ అన్నీ పెట్టి, పట్టీలు కింది నుంచి పైకి బిగించాలి. తర్వాత ఎవరైనా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాలి. జాకెట్ చెవుల దాకా లేచిందంటే నీళ్లలోనూ అంతే లేస్తుంది, మనిషి మాత్రం కిందికి జారతాడు. చిన్న సైజు అడగండి. ఏడేళ్ల వాళ్లకి సరిపోయేది అక్కడ తక్కువ దొరుకుతుంది, దొరికినా పట్టీలు అరిగి ఉంటాయి. కాళ్ల మధ్య నుంచి పట్టీ వచ్చే పిల్లల జాకెట్ ఒకటి సూట్‌కేసులో వేసుకోండి. చేతులకి తొడిగే గాలి బుడగలు ఇక్కడ పనికిరావు.

నూలు చుడీదార్, జీన్స్, చున్నీ వద్దు. నూలు నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, చున్నీ నిచ్చెనకి చుట్టుకుంటుంది. నైలాన్ లెగ్గింగ్స్, పొడుగు చేతుల ఈత చొక్కా హాయి. ఉంగరాలు, నల్లపూసలు, గొలుసులు గదిలోనే పెట్టేయండి. నీళ్లు ఏడాదంతా 24, 25 డిగ్రీలు. పది నిమిషాల్లో వేళ్లు సన్నబడి ఉంగరం దానంతటదే జారుతుంది. అంత లోతులోంచి ఎవరూ తెచ్చివ్వరు.

దిగేటప్పుడు నిచ్చెనకి ఎదురుగా తిరిగి, రెండు చేతులా పట్టుకుని. మెట్ల మీద నాచు ఉంటుంది, రబ్బరు అడుగున్న నీటి బూట్లు ఉంటే మేలు. ఎండలోంచి వచ్చి ఒక్కసారిగా దూకితే ఊపిరి బిగుస్తుంది. ముందు కాళ్లు, తర్వాత నడుము, మొహం తడుపుకుని ఓ నిమిషం ఆగి దిగండి. 12 ఏళ్ల వాడు దూకుతానంటే దూకనివ్వండి, కానీ కాళ్లు జోడించి కాళ్లవైపే, కింద ఎవరూ లేరని చూసి. పెదాలు నల్లబడితే పిల్లల్ని వెంటనే పైకి తీయాలి, పాతిక నిమిషాలు చాలు. నీళ్లలో కనిపించే చిన్న నల్ల మార్పు చేపలు ఏమీ చేయవు.

దూరబంధువు:
లంగరు గారూ, మోకాళ్ల సంగతి కూడా చెప్పండి. మావయ్యగారు దిగకపోయినా పర్లేదు, చూస్తే చాలంటున్నారు.

లంగరు:
అయితే ఇక్ కిల్ సరిపోతుంది. నీళ్లు నేలమట్టం నుంచి 26 మీటర్ల కింద ఉంటాయి. మెట్లు ఎక్కువ, అన్నీ తడి. కానీ పై అంచు చుట్టూ నిలబడి కిందికి చూడొచ్చు, చెట్ల వేళ్లు తీగల్లా నీళ్ల దాకా వేలాడుతుంటాయి. గుహ సెనోటేలకి ఆ వీలు లేదు, పైన కనిపించేది కన్నమే. కోబా అనే మరో మాయా శిథిలాల పక్కన ఉన్న తంకాచ్-హా సెనోటే అయితే మలుపులు తిరిగే చెక్క మెట్లు, మోకాళ్లకి అస్సలు వద్దు.

నిజంగా కాళ్లు తడుపుకోవాలంటే వేరే రోజు ప్లాయా దెల్ కార్మెన్ ఊరికి దక్షిణాన సెనోటే అసూల్‌కి తీసుకెళ్లండి. పూర్తిగా తెరిచి ఉంటుంది, అంచుల్లో లోతు తక్కువ, రాతి మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకోవచ్చు. చిన్న చేపలొచ్చి పాదాలు గిల్లుతుంటాయి.

ఏడుమైళ్లు:
ఇక్ కిల్ గురించి ఒక మాట. చిచెన్ ఇట్సాకి 3 కిలోమీటర్లే కాబట్టి ప్రతి బస్సూ అక్కడికే వస్తుంది. 11:30 నుంచి 2 దాకా సంతే. 10:30, 10:45కి చేరితే పర్వాలేదు. జనం వద్దనుకుంటే పడమటి వైపు 20 కిలోమీటర్ల లోపే యోక్‌జోనోత్ ఉంది. ఊరి ఆడవాళ్లు సహకార సంఘం పెట్టుకుని నడుపుతున్న సెనోటే, పక్కనే వాళ్ల వంటిల్లు. పెద్ద బస్సు టూర్లు అటు పోవు, విడిగా బండి మాట్లాడుకోవాలి. ఇలాంటి చోట్ల కార్డు నడుస్తుందని నమ్ముకోకండి, పెసోలు నగదుగా ఉంచుకోండి.

ఫొటోల్లో అందరూ చూసే గుండ్రటి రాతి అరుగు, పైనుంచి వెలుతురు స్తంభం ఉన్నది సుయ్‌తున్, వయదోలిద్ పక్కన. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడే ఆ వెలుగు దిగుతుంది. అరుగు మీద నిలబడటానికి వరస, పెద్ద వానల తర్వాత అరుగు నీట మునుగుతుంది కూడా. ఈతకి వెళ్లేవాళ్లకి సమూలా, ష్కెకెన్ మేలు, రెండూ ఒకే ఆవరణలో.

గోంగూర_రాజ్యం:
భోజనం. బఫేలో శాకాహారం ఉంటుంది కానీ రెండుచోట్ల దొరికిపోతారు. ఫ్రిహోలెస్ అనే ముద్ద చిక్కుళ్లలో మంతేకా, అంటే పంది కొవ్వు, వేయడం మామూలే. ఎర్రన్నం చాలాసార్లు కోడి పులుసుతో వండుతారు. "సిన్ కార్నే" అంటే మాంసం ముక్కలు తీసేసి ఇస్తారు, అంతే. "సిన్ మంతేకా, సిన్ కాల్దో దె పోయో" అని విడిగా అడగాలి. కోచినీతా పిబిల్ పంది మాంసం, పేరు చూసి మోసపోకండి. పాపద్సూలెస్ లోపల కోడిగుడ్డు ఉంటుంది.

ధైర్యంగా తినదగ్గది సికిల్ పాక్: వేయించిన గుమ్మడి గింజలు, కాల్చిన టమాటా, కొత్తిమీర కలిపి నూరిన పచ్చడి. మన నువ్వుల పచ్చడికి చుట్టం. మొక్కజొన్న తోర్తియాతో ఇది, అవకాడో ఉంటే భోజనం అయిపోయినట్టే. అబనేరో మిరపకాయ సల్సా బల్ల మీద చిన్న గిన్నెలో పెడతారు. గుంటూరు కారం తిన్నాం అని చెంచాడు వేసుకోకండి, చుక్కతో మొదలెట్టండి. పిల్లలకి వయదోలిద్ వీధుల్లో మార్కెసీతా: కరకరలాడే చుట్టలో చీజ్ తురుము.

కొలతబద్ద:
వీసా సంగతి ఎవరూ ఎత్తలేదు. భారత పాస్‌పోర్టుకి మెక్సికో వీసా కావాలి. పాస్‌పోర్టులో చెల్లుబాటయ్యే అమెరికా వీసా స్టాంపు లేదా గ్రీన్ కార్డు ఉంటే అక్కర్లేదు. అమెరికా వలస శాఖ ఇచ్చే ఐ-797 ఆమోద పత్రం స్టాంపు కాదు. స్టాంపు గడువు అయిపోయి ఐ-797 ఒక్కటే ఉంటే మెక్సికో వీసా విడిగా తీసుకోవాల్సిందే. ఆరు పాస్‌పోర్టులూ ఇవాళే తెరిచి చూడండి, పిల్లలవి కూడా.

పాతరాళ్లు:
ఇంకో దారి. కోబా మీ కాంకున్ టైములోనే ఉంది, గంట గొడవ లేదు. తులుమ్ నుంచి 44 కిలోమీటర్లు. దారులన్నీ అడవి నీడలోనే. లోపల ముందు ఇద్దరు కూర్చునే మూడు చక్రాల సైకిల్ రిక్షాలుంటాయి, పెద్దవాళ్లని 42 మీటర్ల నోహోచ్ ముల్ పిరమిడ్ దాకా కూర్చోబెట్టి తీసుకెళ్తాయి. చిచెన్ ఇట్సా అంత చెక్కడపు పని లేదు, రాళ్లు అరిగిపోయాయి. నా ఓటు మాత్రం మావయ్యగారి తరఫున కోబాకే.

ఉష్మల్ అనే ఇంకో మాయా నగరపు శిల్పం అన్నిటికన్నా గొప్పది, కానీ మెరిదాలో పడుకుంటేనే వీలు. పైగా అక్కడ సెనోటేలు లేవు. నీటిమట్టం చాలా లోతు, వాననీటిని చుల్తూన్ అనే సున్నం పూసిన భూగర్భ తొట్లలో దాచుకునేవారు. గోడల నిండా వానదేవుడు చాక్ ముక్కు ఎందుకు వేలాడుతోందో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

దూరబంధువు:
చిచెన్ ఇట్సా వదలనంటున్నారు ఇంట్లో. నాలుగు రాత్రుల్లో ఒకటి వయదోలిద్‌కి మారిస్తే?

కొలతబద్ద:
అదే అన్నిటికన్నా మంచి పని. వయదోలిద్ నుంచి 45 కిలోమీటర్లే. 7:05కి బయల్దేరితే గేటు తెరవకముందే వరసలో ఉంటారు. 10:30 దాకా తీరిగ్గా చూసి, 10:45కి ఇక్ కిల్, 12కి భోజనం. బస్సులు వస్తుంటే మీరు పోతుంటారు.

గేటు దగ్గర గైడ్‌ని పెట్టుకుంటే మెడలో పర్యాటక శాఖ గుర్తింపు కార్డు చూడండి. రేటు మనిషికి కాదు, గుంపుకి. ఎంతసేపు, ఏ భాష అన్నది ముందే ఖాయం చేసుకోండి. గేటుకి కిలోమీటరు ముందే రోడ్డు మీద చెయ్యెత్తి బండి ఆపి "టికెట్ ఇక్కడే" అనేవాళ్ల దగ్గర ఆగకండి.

కారు అద్దెకి తీసుకుంటే ఆన్‌లైన్‌లో చూపే రోజు అద్దెలో థర్డ్ పార్టీ బీమా ఉండకపోవచ్చు. మెక్సికోలో అది తప్పనిసరి, అమెరికా క్రెడిట్ కార్డు బీమా దాన్ని కవర్ చేయదు. కౌంటర్ దగ్గర బిల్లు రెట్టింపయ్యేది అక్కడే. టోల్ రోడ్డుకి నగదు పెసోలు. పాత రోడ్డుకి టోల్ లేదు కానీ ప్రతి ఊరి మొదట్లోనూ చివర్లోనూ తోపెస్, అంటే స్పీడ్ బ్రేకర్లు. కొన్నింటికి రంగే ఉండదు, చీకటి పడ్డాక అటు వెళ్లకండి.

దూరబంధువు:
వయదోలిద్‌లో గది దొరికింది. ఆఖరి ప్రశ్న: మర్నాడు సాయంత్రం 6:40కి కాంకున్ నుంచి విమానం. వయదోలిద్‌లో మధ్యాహ్నం 1కి బయల్దేరితే చాలా?

కొలతబద్ద:
చాలదు. అక్కడ 1 అంటే కాంకున్‌లో 2. విమానాశ్రయానికి రెండు గంటలు, 4 అవుతుంది. కారు తిరిగి అప్పగించి షటిల్ ఎక్కి టెర్మినల్ చేరేసరికి 5, అంతర్జాతీయ విమానానికి అది ఆలస్యం. వయదోలిద్ గోడ గడియారంలో 11:30కి కదలండి. ఫోన్ టైము చూసుకుంటే రాష్ట్ర సరిహద్దు టవర్ల దగ్గర ముందుకీ వెనక్కీ దూకుతుంది, అలారం చేతి గడియారంలో పెట్టుకోండి.